దరఖాస్తు చదివే పరీక్ష
(బాల్కొండలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

  నేను చెప్పబోయేది ఎక్కువగా వెనక వరుసల్లో నోటుపుస్తకాలతో కూర్చున్న పిల్లల సంగతే.

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ సారు ఉద్యోగమంతా రెవెన్యూ ఆఫీసుల్లో గడిచింది. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. బోధన్‌లో కొన్నేళ్లు, నిజామాబాద్‌లో కొన్నేళ్లు, ఆర్మూర్‌లో కొన్నేళ్లు. తర్వాత సొంతూరికి వచ్చి, పొద్దుగూకినంక ఇంటి అరుగు మీద గ్రూప్‌-4 పిల్లలను కూర్చోబెట్టుకొని పైసా తీసుకోకుండా లెక్కలు, రీజనింగ్ చెప్పారు. ఆయన దగ్గర చదివిన వాళ్లు ఈ జిల్లాలో చాలా ఆఫీసుల్లో ఉన్నారు. నేను ఆయన కింద పనిచేసినవాణ్ణి. ఆయన గుణగణాలు మీకు నాకంటే బాగా తెలుసు కాబట్టి అవి వదిలేసి, చివరిదాకా ఆయన మనసును తొలిచిన ఒక ప్రశ్న గురించే మాట్లాడతాను. సర్కారు ఆఫీసులో గుమస్తాగా కూర్చోబోయే మనిషిని ఏ పరీక్షతో ఎంచుకోవాలి?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సారు నా బల్ల మీద ఒక దరఖాస్తు పెట్టారు. రూళ్ల కాగితాల మీద రెండు వైపులా నిండా రాసిన దరఖాస్తు. ఒక పెద్దామె చెప్తుంటే ఎవరో బడిపిల్లవాడు రాసిపెట్టినట్టుంది. పెండ్లయి ఈ ఊరికి వచ్చిన ముచ్చట, పెనిమిటి బోర్లు వేయించి అప్పులపాలైన ముచ్చట, పెద్ద కొడుకు దుబాయి పోయి పైసలు పంపని ముచ్చట, చిన్న కొడుకు గెట్టు కాడ పాలోళ్లతో కొట్లాడిన ముచ్చట. "ఈమె ఏమడుగుతుందో ఒక్క మాటల చెప్పు" అన్నారు సారు. వెతికితే మూడో పేజీ అడుగున దొరికింది. పెనిమిటి చనిపోయి రెండేళ్లయినా భూమి ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నదట. అంటే ఆమెకు కావలసింది విరాసత్, భూమిని వారసుల పేరు మీదికి మార్చడం. సారు ఎర్ర పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీశారు. "దీనికి ఏమేం కాగితాలు కావాలె? అవి ఈమెకు తెలుసా? తెల్వకపోతే చెప్పేదెవరు?" అని అడిగారు. ఆ తర్వాత పేర్లు చూడమన్నారు. పెనిమిటి పేరు దరఖాస్తులో ఒక తీరు, పాస్‌బుక్కులో ఒక తీరు, మరణ ధ్రువపత్రంలో మరో తీరు. ఒకచోట ఇంటిపేరు ముందుంది, ఒకచోట వెనకుంది, ఒకచోట అసలే లేదు. మూడు పేర్లూ ఒక్క మనిషివేనని దేన్ని పట్టి తేల్చాలో చూసి, నోట్‌ఫైలు మీద నాలుగైదు వాక్యాల్లో తహసీల్దారుకు అర్థమయ్యేటట్టు రాయాలి. అది రాసినరోజు నేను గుమస్తానయ్యాను. ఉద్యోగం తెచ్చిపెట్టిన పరీక్షలో ఈ పనికి సంబంధించిన ప్రశ్న ఒక్కటీ లేదు.

ఇప్పటి పరీక్ష సంగతి చూద్దాం. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 డిసెంబరులో గ్రూప్‌-4 ప్రకటన ఇచ్చింది. పోస్టులు చివరికి 8,180 అయ్యాయి. అందులో ఎక్కువ భాగం జూనియర్ అసిస్టెంట్లు, ఆ తర్వాత మున్సిపాలిటీల్లో వార్డ్ ఆఫీసర్లు, కొద్దిమంది జూనియర్ అకౌంటెంట్లు, ఆడిటర్లు. జూనియర్ అసిస్టెంటు స్కేలు 24,280 నుంచి 72,850 దాకా. కావలసిన చదువు డిగ్రీ. దరఖాస్తులు 9.51 లక్షలు. అంటే ఒక్కో కుర్చీకి నూట పదహారు మంది. 2023 జులై 1న ఒక్కరోజే పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు పెట్టారు. సుమారు 7.6 లక్షల మంది రాశారు. మొదటి పేపరు జనరల్ నాలెడ్జ్, రెండోది సెక్రటేరియల్ ఎబిలిటీస్. ఒక్కోదానిలో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ర్యాంకులు 2024 ఫిబ్రవరిలో, తుది ఎంపిక నవంబరులో వచ్చాయి. ప్రకటన చూసి పుస్తకం తెరిచిన పిల్లకు ఆర్డరు చేతికందేసరికి రెండేళ్లు దగ్గరపడ్డాయి.

ఆ రెండో పేపరు పేరు చూస్తే ఆఫీసు పనికి కావలసిన సామర్థ్యం కొలుస్తారనిపిస్తుంది. లోపల ఉండేవి మెంటల్ ఎబిలిటీ, లాజికల్ రీజనింగ్, పేరా చదివి జవాబివ్వడం, కలిపేసిన వాక్యాలను వరుసలో పెట్టడం, అంకగణితం. ఇందులో పేరా చదవడం, వాక్యాలను వరుసలో పెట్టడం పనికి నేరుగా దగ్గరగా ఉన్నాయి. తతిమ్మావి మనకందరికీ తెలిసినవే. ఒకతను ఉత్తరం దిక్కు నడిచి కుడికి తిరిగి మళ్లీ ఎడమకు తిరిగితే ఏ దిక్కున ఉన్నట్టు? ఫొటోలోని మనిషికి ఈమె ఏమవుతుంది? గడియారం ముల్లు, అద్దంలో బొమ్మ. ఒక్కో ప్రశ్నకు ఒక్క నిమిషం. ఈ ప్రశ్నలు పనికిరానివని నేననను. సారు కూడా వీటిని ఇష్టంగానే చెప్పేవారు, పిల్లల బుర్రకు పదును పెడతాయని. ఆయన ఆందోళన వేరే. నలభై సెకన్లలో దిక్కు చెప్పే పిల్లవాడు పది నిమిషాలిచ్చినా దరఖాస్తులో అడిగిందేమిటో చెప్పలేకపోతున్నాడు. పాపం వాడి తప్పేం లేదు, అది నేర్చుకొమ్మని వాడికెవరూ చెప్పలేదు. మార్కులు లేనిదాన్ని మన దగ్గర ఎవరూ నేర్పరు.

ఇంకో సంగతి. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోయరు. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా లెక్క ప్రకారం మూడు వందల్లో డెబ్బై అయిదు వస్తాయి. తెలియనిది తెలియదని వదిలేసేవాడు నష్టపోతాడు. ఆఫీసు బల్ల దగ్గర దీనికి పూర్తిగా తలకిందులైన స్వభావం కావాలి. సర్వే నంబరు స్పష్టంగా కనబడకపోతే ఊహించి వేసే గుమస్తా ఒక కుటుంబాన్ని ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిప్పుతాడు. సరిగా కనబడటం లేదని రాసి, పాత రికార్డు తెప్పించుకునే గుమస్తా మనకు కావాలి.

అయితే ఇంత పెద్ద పరీక్ష ఎందుకు ఇట్లా ఉందో కూడా న్యాయంగా చెప్పుకోవాలి. దాదాపు పది లక్షల మందిని వడపోయడానికి ఓఎంఆర్ షీటు తప్ప మరో దారి కమిషన్‌కు కనిపించదు. పైగా ఆ షీటుకు ఒక గొప్పతనం ఉంది. నువ్వు ఎవరి బిడ్డవని అది అడగదు. బీడీలు చుట్టే తల్లి బిడ్డకూ, రైస్‌మిల్లు సేటు బిడ్డకూ అదే వృత్తం, అదే నల్ల పెన్ను. గ్రూప్‌-4కు ఇంటర్వ్యూ లేదు. కేంద్ర ప్రభుత్వం కూడా కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను 2016 జనవరి నుంచి తీసేసింది. ఇది తేలికగా వచ్చిన రక్షణ కాదు.

మన తాతల కాలం గుర్తు చేసుకోండి. నిజాం రాజ్యంలో 1884 నుంచి దఫ్తరు భాష ఉర్దూ. తెలుగు రైతు తన గోడు చెప్పుకోవడానికి ఉర్దూ రాయగలిగిన మనిషి ఇంటికి పోవాలి. స్థానికులకే నౌకరీలనే ముల్కీ ఫర్మానా 1919లో వచ్చింది. 1952లో ముల్కీ ఉద్యమం లేచింది, హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో. వీటన్నిటి మధ్యలో నలిగింది ఎక్కువగా గుమస్తా కుర్చీయే. 1975 ఉత్తర్వుల ప్రకారం జిల్లాలో ఎల్డీసీ, అంటే కింది స్థాయి గుమస్తా పోస్టుల్లో 80 శాతం ఆ జిల్లా వాళ్లకు. 2018 ఉత్తర్వులతో ఇప్పుడది 95 శాతం. తెలంగాణ కోసం నీళ్లు, నిధులు, నియామకాలు అని ఊరూరా నినదించినప్పుడు ఆ మూడో మాటకు మన ఇళ్లల్లో ఉన్న రూపం ఈ కుర్చీయే. అందుకే పరీక్షను ఎత్తేయమనే మాట నా నోట రాదు. 2023 మార్చిలో కమిషన్ నుంచి ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని తేలి, గ్రూప్‌-1 ప్రిలిమ్స్‌తో పాటు కొన్ని పరీక్షలు రద్దయినప్పుడు ఈ జిల్లా పిల్లలు ఎంత ఏడ్చారో మీరు చూశారు. ఆ ఏడుపు వెనక ఉన్నది పరీక్ష మీద వాళ్లకున్న నమ్మకమే.

మన దగ్గర ఈ కుర్చీకి ఇంత విలువ రావడానికి బోధన్ కథ కూడా కొంత కారణం. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు పడింది. చెరుకు తూకం రాసే గుమస్తాలు, టైమాఫీసు గుమస్తాలు, అకౌంట్స్ వాళ్లు, ఎన్ని కుటుంబాలు ఆ కొలువుల మీద నిలబడ్డాయో! సారు బోధన్‌లో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ గుమస్తాల చేతిరాత చూసి మురిసిపోయేవారు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు డిగ్రీ పిల్లవాడి ముందు మిగిలినవి గల్ఫ్ వీసా, హైదరాబాదులో చిన్న ప్రైవేటు నౌకరీ, లేదా గ్రూప్‌-4. వయోపరిమితిని 2022లో 34 నుంచి 44కు పెంచినప్పుడు, దుబాయి నుంచి తిరిగొచ్చిన నలభై ఏళ్ల మనుషులు కూడా సారు అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. గుమస్తాను పరీక్షతోనే తీసుకోవాలనే ఆలోచనకు ఆధునిక కాలంలో గట్టి పునాది వేసింది 1854లో బ్రిటన్‌లో నార్త్‌కోట్, ట్రెవెల్యాన్ ఇచ్చిన నివేదిక. ఆ ట్రెవెల్యానే తర్వాత కొద్దికాలం మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. సిఫారసులను పక్కన పెట్టి పోటీ పరీక్ష పెట్టాలన్నది వాళ్లు చేసిన మేలు. ఆలోచించే పని ఒకటి, యాంత్రికమైన నకలు పని ఒకటి అని ఆఫీసును రెండుగా విడగొట్టడం వాళ్లు మిగిల్చిన బరువు. గుమస్తాకు ఆలోచనతో పనిలేదనే భావన ఇప్పటికీ మన ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంది.

అమెరికాలో 1933లో మిన్నెసోటా గుమస్తా పరీక్ష వచ్చింది. డొరొతీ ఆండ్రూ, డొనాల్డ్ ప్యాటర్సన్ తయారుచేశారు. చాలా సాదా పరీక్ష. రెండు సంఖ్యలు పక్కపక్కన ఉంటాయి, రెండు పేర్లు పక్కపక్కన ఉంటాయి. రెండూ ఒకటేనా, తేడా ఉందా అని గుర్తు పెట్టాలి. అట్లాంటి జతలు సంఖ్యల్లో రెండు వందలు, పేర్లలో రెండు వందలు. అంతే. దాని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే సారు మెదిలారు. ఆయన మిన్నెసోటా పేరు విని ఉండరు. కానీ ఆదివారం ఆదివారం పిల్లలకు ఒక కాగితం ఇచ్చేవారు. ఎడమ పక్క పహాణీలో ఉన్నట్టు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. కుడి పక్క పాస్‌బుక్కులో ఉన్నట్టు అవే. 312/అ ఒకచోట 321/అ అవుతుంది. రెండెకరాల పన్నెండు గుంటలు రెండెకరాల ఇరవై ఒక్క గుంటలవుతుంది. లక్ష్మి లక్ష్మవ్వ అవుతుంది, రాజన్న రాజారెడ్డి అవుతాడు. "ఈ తేడా నువ్వు ఇప్పుడు పట్టకపోతే రేపు అన్నదమ్ములు కొట్టుకుంటరు" అనేవారు.

ఆయన మాట ఉట్టిగా అన్నది కాదు. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరులో ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్‌లో భూభారతి. పోర్టల్ పేరు మారినా జనం ఆఫీసుల చుట్టూ తిరిగిన కారణాల్లో పేరు తప్పు, నంబరు తప్పు, విస్తీర్ణం తప్పు ముందు వరుసలో ఉంటాయి. గల్ఫ్‌కు పోయే ఇళ్లల్లో ఇది మరీ ఎక్కువ. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి. అక్కడ మనిషి చనిపోతే ఇక్కడ భార్య నిరూపించుకోవాల్సింది తన భర్త తన భర్తేనని. ఆ కాగితాన్ని ఓపికగా చదివే ఒక్క గుమస్తా ఆ ఇంటికి దొరకాలి.

శాస్త్రం ఏమంటుంది? ఉద్యోగ ఎంపిక పద్ధతుల మీద 85 ఏళ్ల పరిశోధనలను గుదిగుచ్చి 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ఒక సమీక్ష వెలువరించారు. సాధారణ మేధాశక్తిని కొలిచే పరీక్షలు పనితనాన్ని బాగానే ముందుగా చెప్తాయని తేల్చారు. కాబట్టి రీజనింగును కొట్టిపారేయలేం. అదే సమీక్షలో దానికంటే ఒక పిసరు ఎక్కువ నిలిచింది, చేయబోయే పనిలోంచే ఒక ముక్క ఇచ్చి చేయించి చూసే పరీక్ష. 2022లో వచ్చిన మరో సమీక్ష ఇట్లాంటి అంచనాల్లో చాలావాటిని తగ్గించింది. మేధాశక్తి పరీక్ష అంచనా కూడా అందులో బాగా తగ్గింది.

పనిలోంచే ఒక ముక్క ఇచ్చి చూడటం మనకు కొత్త సంగతి కాదని నా వాదన. ఉద్యోగంలో చేరాక ఇదే కమిషన్ మనకు డిపార్ట్‌మెంటల్ టెస్టులు పెడుతుంది. అకౌంట్స్ టెస్టు, రెవెన్యూ టెస్టులు. వాటిలో కొన్నింటికి పుస్తకాలు తీసుకుపోవచ్చు. నిబంధన ఏ పుస్తకంలో ఎక్కడుందో వెతికి, ముందున్న సమస్యకు అన్వయించగలవా అని చూస్తారు. గుమస్తా రోజూ చేసేది అదే. లోపలికి వచ్చినవాడికి ఇంత తెలివైన పరీక్ష పెట్టే వ్యవస్థ, గడప దగ్గర మాత్రం నది ఎక్కడ పుట్టింది, పురస్కారం ఎవరికొచ్చింది అని అడిగి ఆగిపోతోంది.

పని ఏమిటో తేల్చుకోకుండా పరీక్ష పెడితే ఏమవుతుందో గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్వోల కథ చెప్తుంది. 2018 సెప్టెంబరు 16న 700 వీఆర్వో పోస్టులకు పరీక్ష జరిగింది. పది లక్షలకు పైగా దరఖాస్తులు. సరిగ్గా రెండేళ్లకు, 2020 సెప్టెంబరులో, శాసనసభ ఆ పోస్టునే రద్దు చేసింది. ఆ తర్వాత ఆ వీఆర్వోలను లాటరీ తీసి వేరే వేరే శాఖల్లో పడేశారు. భూమి రికార్డు పని కోసం చదివి వచ్చిన పిల్ల ఏ సంబంధమూ లేని ఆఫీసులో కూర్చుంది. 2025లో గ్రామ పాలన అధికారులనే పేరుతో ఊరికి మళ్లీ ఒక రెవెన్యూ మనిషి కావలసి వచ్చాడు. పాత వీఆర్వోలకు, గ్రామ రెవెన్యూ సహాయకులైన వీఆర్ఏలకు మళ్లీ పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఊరికి ఆ మనిషి అవసరమని బాల్కొండ రచ్చకట్ట మీద ఎవరినడిగినా 2020లోనే చెప్పేవారు.

భాష గురించి ఒక మాట చెప్పాలి. ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉంటాయి. ఉర్దూ కూడా ఉంది, బోధన్, నిజామాబాద్ పిల్లలకు అది న్యాయం. కానీ తెలుగు అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. 1966లో తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్నాం. అరవై ఏళ్ల తర్వాత కూడా గుమస్తా తెలుగులో ఒక ఎండార్స్‌మెంటు తప్పులేకుండా రాయగలడా అని ఏ పరీక్షా చూడటం లేదు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ పెద్దామెకు అందాల్సిన జవాబు ఆమె మనవడు చదివి వినిపించగలిగే భాషలో ఉండాలి. ఎందుకు కుదరలేదు, ఏం తెస్తే కుదురుతుంది అన్నది అందులో ఉండాలి. ఒకప్పుడు ఊరూరా టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పరీక్షల కోసం పిల్లలు పేజీలకు పేజీలు కొట్టేవాళ్లు. ఆ టైపు కొట్టడంలోనే కాగితం రూపురేఖలు ఒంటబట్టేవి. ఆ శిక్షణా పోయింది, దాని స్థానంలో ఇంకేదీ రాలేదు.

నేను కోరేవి పెద్ద మార్పులు కావు. ఓఎంఆర్ ఉండనివ్వండి. రెండో పేపరులో కనీసం సగం ప్రశ్నలు ఆఫీసు కాగితాల మీద ఉండాలి. ఒక దరఖాస్తు ఇచ్చి ఇందులో అడిగిందేమిటని నాలుగు జవాబులివ్వండి. రెండు రికార్డులిచ్చి తేడా ఎక్కడుందని అడగండి. ఒక నిబంధన ముద్రించి ఇచ్చి, ఈ మనిషికి వర్తిస్తుందా అని అడగండి. ఇవన్నీ కంప్యూటరే దిద్దగలదు, ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు, ఎవరి సిఫారసుకూ చోటు లేదు. తప్పు జవాబుకు కొంచెం కోత పెట్టండి. ర్యాంకుల తర్వాత, ఒక పోస్టుకు ముగ్గురు చొప్పున మిగిలినప్పుడు, తెలుగులోగానీ ఉర్దూలోగానీ ఒక పేజీ రాయించండి, కంప్యూటరు మీద టైపు చేయించండి. ర్యాంకులో కలపకుండా పాసైతే చాలనే పద్ధతిలో పెట్టండి. కేంద్రంలో స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి గుమస్తాలకు టైపింగ్ పరీక్ష ఇట్లాగే పెడుతోంది, ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు, హిందీలో 30. మన భాషకు మనం పెట్టుకోలేమా?

కమిషన్ వింటుందా అని మీరు అడగవచ్చు. వినేటట్టు చేయడానికి మన చేతిలో ఉన్నది దరఖాస్తే. ఈ సభ ముగిశాక బయట బల్ల మీద ఒక వినతిపత్రం ఉంటుంది. ఒకే పేజీ. మొదటి వాక్యంలోనే ఏమడుగుతున్నామో రాశాం. పరీక్ష రాసిన పిల్లలూ, రాయబోయే పిల్లలూ, ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయిన పెద్దలూ చదివి సంతకం పెట్టండి. పేరు మీ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి.